డ్రైవర్ పై వరుసలో పేరు

వినార్ది భార్య ఎండాంగ్ చనిపోయిన నలభయ్యో రోజు ప్రార్థన ముగిసిన మర్నాడే, జావాలో అతను పనిచేసే బడిలో పన్నెండు ల్యాప్‌టాప్‌లకూ వైఫై పోయింది. తెర మీద "కొత్త కెర్నెల్ ఎక్కించమంటారా?" అని కనిపిస్తే వినార్ది అన్నింటికీ సరేననేశాడు. కెర్నెల్ అంటే కంప్యూటర్‌కు గుండెకాయలాంటి ప్రోగ్రాం; వైఫై కార్డును నడిపే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం పాత కెర్నెల్‌కు సరిపడేలా కట్టింది. కొత్తదాంట్లో అది పలకలేదు.

"గురువారం పిల్లలకు ఆన్‌లైన్ పరీక్ష. అయినా పాక్ వినార్ది ఉండగా మనకేం భయం?" అంది ప్రధానోపాధ్యాయురాలు బు మూర్వానీ. అక్కడ మగవారిని గౌరవంగా పాక్ అనీ, ఆడవారిని బు అనీ పిలుస్తారు.

"వైఫై భూతవైద్యుడాయె! సాంబ్రాణి తెమ్మంటారా పాక్, పూలు చాలా?" అన్నాడు లెక్కల మాస్టారు తుకిజాన్.

అందరూ నవ్వారు. వినార్ది కూడా నవ్వాడు.

తొమ్మిదేళ్లుగా అంతే. చెడిన యంత్రాన్ని సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లేవాడు. మర్నాడు బాగైనదాన్ని తెచ్చేవాడు. మధ్యలో జరిగిందంతా అతని భార్య ఎండాంగ్ చేతుల మీదుగానే. ఫొటోకాపీ దుకాణం మూసి వచ్చి, టెంపే సోయా ముక్కల పళ్లెం పక్కకు జరిపి, భోజనాల బల్ల దగ్గరే కూర్చునేది. సలాటిగా ఊళ్లోని లినక్స్ కంప్యూటర్ బృందంలో ఆమె నేర్చుకున్న విద్య అది.

"ఎవరు చేశారని బడిలో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు," అన్నాడతను ఒకసారి.

"అడిగితే చెప్తారా, మాస్?" అందామె, జావాలో మొగుణ్ని పిలిచే పిలుపుతో, తెర మీంచి చూపు తిప్పకుండా.

వైఫై పోయిన ఆ సాయంత్రం ఒక ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చి, పక్కన ఆమెది తెరిచాడు. "బడి వైఫై" అని ఒక ఫైలు కనిపించింది. కెర్నెల్ మారినప్పుడల్లా ఇదే తంటా అని తెలిసి, ఆస్పత్రిలో చేరడానికి ముందు వారం ఆమె రాసిపెట్టింది. ఆదేశాలతోపాటు, చిన్న పిల్లలకు చెప్పినట్టు మాటలు:

"ముందు ఫోన్‌ను వైరుతో కలపండి. నెట్ లేకుండా నెట్ బాగుపడదు. తర్వాత కొత్త కెర్నెల్‌కు డ్రైవర్ మళ్లీ కట్టండి. ఎర్ర అక్షరాలొస్తే కంగారుపడి మూసేయకండి. చివరి వరుస చదవండి."

పై వరుసలో, "తయారుచేసినది: వినార్ది."

పాత ఫైళ్లు తెరిచాడు. అన్నింటిలోనూ అదే పేరు. ఎప్పుడైనా బడిలో ఎవరైనా తెరిచి చూస్తే తన మొగుడు తలదించుకోకూడదని తొమ్మిదేళ్లుగా ఆమె ఆ అబద్ధాన్ని కాపాడుతూ వచ్చింది. ఒక్కనాడూ ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిచినా బాగుండేదనిపించింది అతనికి.

ఎర్ర అక్షరాలు రెండుసార్లు వచ్చాయి. రెండుసార్లూ చివరి వరుస చదివాడు. మూడోసారి వీధిలోని వైఫై పేర్లన్నీ తెర మీద వరుసకట్టాయి. మిగతావి బడిలోనే, అందరి ముందూ ఆ ఫైలు చూసుకుంటూ చేశాడు; బుధవారానికి పన్నెండూ బాగయ్యాయి.

"ఆ ఫైలు ఇటివ్వండి పాక్. మీ పద్ధతి మాస్టర్లందరికీ పంపుతాను," అంది బు మూర్వానీ.

"అది నా..." అన్నాడు వినార్ది.

"చూశారా! భూతవైద్యులు మంత్రం బయటపెట్టరమ్మా," అన్నాడు తుకిజాన్. గదంతా గొల్లుమంది. ఆ నవ్వు ఆగేదాకా బు మూర్వానీ వినార్ది వైపే చూస్తూ ఓపికగా నిలబడింది. "నా... ఏమిటి పాక్?" అని అడిగింది కూడా.

అడిగింది. తొమ్మిదేళ్లలో మొదటిసారి, ఎవరో ఒకరు అడిగారు.

"ఏం లేదు. పంపించండి," అన్నాడు.

ఫైలు ముప్ఫై నలుగురికి వెళ్లింది. గురువారం పరీక్ష ఏ ఆటంకం లేకుండా జరిగింది. అది ఎండాంగ్ చేసిన పని అని వినార్ది ఇంకా ఎవరికీ చెప్పలేదు.