లూవీనా పాట ఆగిన శనివారం

శనివారం పొద్దున టర్కీ ఫోర్క్ అనే కొండ ఊరి సంతకి అందరికంటే ముందు గుడ్లమ్మే వెర్నా వస్తుంది. ఆ తర్వాత తేనె సీసాల వాళ్ళు, తర్వాత చిక్కుళ్ళూ టమాటాలూ జొన్నపాకం డబ్బాలూ దించుకునే కొండ రైతులు, అందరూ సర్దుకున్నాక తీరిగ్గా పాటగాళ్ళు. పాటగాళ్ళు ఆలస్యంగా రావడం ఆ ఊళ్ళో తప్పు కాదు. వాళ్ళు వేళకి వస్తేనే ఎవరికి ఒంట్లో బాగోలేదోనని జనం కంగారుపడతారు.

రేకుల షెడ్డు కింద చిన్న చెక్క వేదిక ఉంది. ఎర్స్కిన్ ముసలాయన ఫిడేలు పెట్టె తెరిచి, తేమగా ఉంటే తేమనీ పొడిగా ఉంటే ఎండనీ తిట్టుకుంటూ తీగలు సవరిస్తాడు. మైకు కాసేపు కీచుమని ఊరుకుంటుంది. ఒలీటా మడత కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఆవిడకి వాయిద్యం లేదు, గొంతే. కూతురు డ్రీమా గిటారు పట్టుకుంటుంది. ఈ వేసవి నుంచి హార్లన్ ప్రూయిట్ అనే కుర్రవాడు వాళ్ళతో కలిసి బాంజో వాయిస్తున్నాడు.

మొదట ఊపు పాటలు. రైళ్ళ మీద, కోళ్ళ పందేల మీద, దొంగతనంగా కాచిన మొక్కజొన్న సారా మీద. వేదిక ముందు పరిచిన బల్ల మీద పెద్దవాళ్ళు మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి టకటకా అడుగులు వేస్తారు. ఎండ కాస్త ఎక్కాక ఎవరో ఒకరు లూవీనా పాట అడుగుతారు. అప్పుడు ఫిడేలూ బాంజో గిటారూ కింద పెట్టేస్తారు. ఆ పాట ఒంటి గొంతుతో పాడేదే.

పాటలో కథ పెద్దదేం కాదు. లూవీనా అనే పిల్ల నీలం గౌను వేసుకుని సంతకి వస్తుంది. ఆమె మనసిచ్చినవాడు వచ్చి, పెళ్ళి సంగతి మాట్లాడుకుందాం, అలా నడుద్దాం రమ్మంటాడు. ఆమె వెళుతుంది. చివరి చరణంలో నది ఉంది, అక్కడినుంచి అతనొక్కడే తిరిగి వస్తాడు.

ఒలీటా మొదటి చరణం ఎత్తుకోగానే లూవీనా తేనె అంగడి వెనకనుంచి వస్తుంది. రెండో చరణానికి ఆపిల్ బుట్టల దగ్గర ఉంటుంది. అతను పిలిచే చరణానికి సంత దాటి నదికి పోయే కాలిబాట మొదట్లో ఉంటుంది. చివరి చరణం వచ్చేసరికి ఆమె జుట్టులోంచీ గౌనులోంచీ నీళ్ళు కారుతుంటాయి. అలా నడుచుకుంటూ గట్టు దిగి నదిలోకి పోతుంది. ఆమె దారిలో ఉన్న వాళ్ళు కాస్త పక్కకి జరుగుతారు. ఆ బాట పక్కనే అంగడి పెట్టుకునే వెర్నా మాత్రం పాట మొదలవగానే గుడ్ల అట్టలు తీసి పైబల్ల మీద పెట్టుకుంటుంది, తడిస్తే అట్ట మెత్తబడిపోతుందని. ఒకసారి బయటూరి నుంచి వచ్చినావిడ ఆ గౌను ఎవరు కుట్టారని అడిగితే, పాటలో ఆ సంగతి లేదని వెర్నా చెప్పింది.

ఆ పాటని ఒలీటాకి మేనత్త హెస్టర్ నేర్పింది. మోకాలికి మోకాలు ఆనించి ఎదురెదురుగా కూర్చుని, ఒకరి నోట్లోంచి ఇంకొకరి నోట్లోకి పాట అందించడం ఆ కొండల్లో పద్ధతి. కాగితం మీద పెట్టరు. మాట మార్చకూడదు, ఎత్తుకున్న పాటని మధ్యలో వదలకూడదు. హెస్టర్‌కి పొలం లేదు, బంగారం లేదు, ఇచ్చి పోవడానికి ఆ పాట ఒక్కటే ఉంది. ఒలీటా కూడా కూతురికి పాలపళ్ళూడే వయసులోనే మోకాలికి మోకాలు ఆనించి నేర్పేసింది. పిల్ల తప్పులేకుండా పాడిన రోజున చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ వెళ్ళి చెప్పుకుంది కూడా.

ఇక హార్లన్. సంతలో అతన్ని ఇష్టపడనివాళ్ళు లేరు. వాయిస్తే బాంజో గలగలా మాట్లాడుతుంది. ముసలమ్మల బుట్టలు మోసిపెడతాడు. ఎర్స్కిన్‌ని నోరారా పెద్దాయనా అంటాడు. ఒలీటాకి కూడా మొదట్లో అతను బాగానే నచ్చాడు. తర్వాత తర్వాత ఆవిడ కంటికి వేరేవి కనబడసాగాయి. డ్రీమా నవ్వబోయి అతని వైపు చూసి, అప్పుడు నవ్వుతోంది. డ్రీమా ఫోను అతని జేబులో ఉంటోంది. ఎండాకాలంలో పొడుగు చేతుల చొక్కా వేసుకుంటోంది. ఒకరోజు గిటారు పట్టుకున్నప్పుడు చొక్కా చెయ్యి పైకి జరిగి మణికట్టు చుట్టూ నల్లగా కమిలి కనిపించింది. గిటారు పెట్టె మూత పడిందమ్మా అంది. పెట్టె మూత వేళ్ళ మీద పడుతుంది గాని మణికట్టు చుట్టూ పడదు.

ఆ అబ్బాయి నీకొద్దని ఒలీటా ఒకే ఒక్కసారి అంది. మర్నాడే డ్రీమా బట్టలు సర్దుకుని మిల్లు దగ్గరున్న హార్లన్ ఇంటికి వెళ్ళిపోయింది. అప్పటినుంచి తల్లికి కూతురు శనివారాలే. ఇంకో మాట జారితే ఆ శనివారం కూడా ఉండదని ఒలీటాకి తెలుసు. అందుకని నోరు కట్టేసుకుని, వారమంతా భయపడుతూ, శనివారం పూట పిల్ల చేతుల వంక చూస్తూ పాడుకుంటోంది.

లూవీనా ఎన్నడూ ఎవరినీ చూసేది కాదు. పాట ఎటు నడిపిస్తే అటు నడిచేది. చిక్కుళ్ళు ముదిరే రోజుల్లో ఒక శనివారం మాత్రం ఆపిల్ బుట్టల దగ్గర నుంచి కదలబోతూ వేదిక వైపు తిరిగి డ్రీమా చేతిని చూసింది. చాలాసేపు చూసింది. ఒలీటా పాడుతూనే ఉంది కాబట్టి మళ్ళీ నడవక తప్పలేదు. ఆ పిల్లకి తన మీద మనసు పడ్డట్టుందని హార్లన్ హాస్యమాడాడు. ఆమె నిన్ను చూడలేదు నాయనా అంది వెర్నా. డ్రీమా చొక్కా చేతులు కిందికి లాక్కుంది.

ఆపిల్స్ దిగుతున్న రోజుల్లో ఓ శనివారం హార్లన్ తన ట్రక్కుని షెడ్డుకి ఆనించి నిలిపాడు. వెనక డ్రీమా సంచీ, గిటారు పెట్టె, రెండు దుప్పట్లు. ఊపు పాటలయ్యాక మైకు అందుకుని, ఇవాళ్టితో మీ దగ్గర సెలవు తీసుకుంటున్నామని చెప్పాడు. పెద్ద ఊళ్ళలో వాయించడానికి పిలుపులొచ్చాయట. జనం చప్పట్లు కొట్టారు. ఎవరో రొట్టెలు కట్టిచ్చారు. ఒలీటాకి ఆ కబురు మైకులోనే తెలిసింది. కూతురి వైపు చూస్తే, డ్రీమా చెప్పులు చూసుకుంటోంది.

"చివరిసారిగా లూవీనా పాట పాడండి ఒలీటా గారూ. మీ అమ్మాయికి ఇష్టం" అన్నాడు హార్లన్, ఎంతో మర్యాదగా.

ఒలీటా లేచి నిలబడింది. గొంతు వణకలేదు. అన్నేళ్ళ అలవాటు మరి. మొదటి చరణం ఎత్తుకుంది. తేనె అంగడి వెనకనుంచి లూవీనా వచ్చింది. వెర్నా గుడ్ల అట్టలు పైన పెట్టింది. రెండో చరణం అయింది. అతను పిలిచే చరణం వచ్చింది.

నడిచి రమ్మని అతడు పిలిస్తే
నవ్వి కదిలెను లూవీనా,
ఏ దారని అడగలేదు,
ఎంత దూరమనలేదు...

వేదిక కింద డ్రీమా నిలబడి, చప్పుడు లేకుండా పెదాలతో అవే మాటలు పలుకుతోంది. అడగలేదు, అనలేదు. ఒలీటా ఆ పెదాల్ని చూసింది. ఈ మాటలు పిల్ల నోట్లో పెట్టింది నేనే కదా, మోకాలికి మోకాలు ఆనించి మరీ పెట్టానే అనుకుంది. చివరి చరణం నాలుక మీదికి వచ్చింది. ఆవిడ నోరు మూసేసింది.

పాట ఆగింది. గొంతు పట్టేసిందనుకుని ఎవరో మంచినీళ్ళు అందించారు.

"మిగతాదో?" అన్నాడు ఎర్స్కిన్ మెల్లగా.

"మిగతాది లేదు" అంది ఒలీటా, కుర్చీలో కూర్చుంటూ.

కాలిబాట మొదట్లో లూవీనా నిలబడిపోయింది. ఒక అడుగు వేసి ఆగింది. ముందుకి నడిపించేది ఏమీ లేదు. గౌను పొడిగా ఉంది. చేత్తో ఓసారి తడిమి చూసుకుంది. వెనక్కి తిరిగి సంతనంతా, ఆపిల్స్‌నీ జనాన్నీ రేకుల షెడ్డునీ, మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. వెర్నా అంగడి ముందునుంచి నడిచి వస్తుంటే వెర్నాకి ఏం చెయ్యాలో తోచక, వెన్న రాసిన రొట్టె ఒకటి చేతిలో పెట్టింది. లూవీనా దాన్ని తింటూ షెడ్డు పక్కకి వెళ్ళింది.

హార్లన్ ముఖం మారింది. పాట పూర్తి చెయ్యమన్నాడు. ఒలీటా మంచినీళ్ళు తాగింది. ఎత్తుకున్న పాట మధ్యలో వదలకూడదని మీ పద్ధతే కదా, పూర్తి చెయ్యమని మళ్ళీ అన్నాడు, ఈసారి గారూ లేకుండా. ఒలీటా కదల్లేదు. అతను డ్రీమా మణికట్టు పట్టుకుని, పద అన్నాడు. ఆ పట్టు చూశాక అంతవరకూ చప్పట్లు కొట్టినవాళ్ళకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

డ్రీమా వెళ్ళింది. అందరి ముందూ తల్లి మాట గెలవకూడదనే పంతం కొంత, భయం కొంత. ఆమె వెనకే ఒలీటా లేచింది. ఎర్స్కిన్ భుజం పట్టి ఆపాడు. నువ్వు పిలిస్తే పంతానికి తప్పకుండా ఎక్కేస్తుంది అన్నాడు. అది నిజమేనని తెలిసి ఒలీటా అక్కడే నిలబడి ఏడ్చింది.

హార్లన్ ట్రక్కు తలుపు తీశాడు. సీటు మధ్యలో లూవీనా కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాళ్ళ కోసమే చూస్తున్నట్టు ఉంది.

దిగమన్నాడు హార్లన్. మొదట నవ్వుతూ, తర్వాత నవ్వకుండా. లూవీనా అతని ముఖంలోకి చూసింది. ఆ సంతలో ఆమె గొంతు అప్పటిదాకా ఎవరూ వినలేదు. పాటలో ఆమెకి మాటలే లేవు.

"ఎక్కడికి?" అంది.

హార్లన్ దిగమని చెయ్యి ఊపాడు. లూవీనా మళ్ళీ అడిగింది, అలాగే నెమ్మదిగా. డ్రీమా ఒక కాలు ట్రక్కు మెట్టు మీద పెట్టి ఉంది. జవాబు కోసం ఆమె కూడా హార్లన్ వైపు చూసింది. పెద్ద ఊళ్ళు అన్నాడే గాని ఏ ఊరో చెప్పలేదు. ఎవరింట్లో ఉంటారో చెప్పలేదు. మళ్ళీ ఎప్పుడొస్తారో చెప్పలేదు. తను అడగలేదు. అడగలేదన్న సంగతి ఆమెకి అప్పుడే తెలిసింది.

"చెప్పు హార్లన్. మనం ఎక్కడికి పోతున్నాం?"

"నీకెందుకే? నోర్మూసుకుని ఎక్కు."

ఆ మాట సంతంతా వింది. హార్లన్ ఇంట్లో మాట్లాడే గొంతు అదేనని అందరికీ అర్థమైంది. డ్రీమా మెట్టు మీది కాలు తీసి నేల మీద పెట్టింది. వెనక్కి వెళ్ళి తన సంచీ దించుకుంది, గిటారు పెట్టె దించుకుంది. హార్లన్ ఆమె మీదికి ఒక అడుగు వేశాడు. చిక్కుళ్ళ రైతు బుట్ట కింద పెట్టాడు. తేనె అమ్మే అన్నదమ్ములు లేచి నిలబడ్డారు. ఎర్స్కిన్ ఫిడేలు పెట్టెలో పెట్టి, పెట్టె చేత్తో పట్టుకుని వచ్చాడు. హార్లన్ అందరినీ ఓసారి చూసి, ట్రక్కు ఎక్కి తలుపు ధడాలున వేసుకున్నాడు. లూవీనా దిగలేదు. ట్రక్కు నదివారగా రోడ్డెక్కి వెళుతుంటే వెనక అద్దంలోంచి ఆమె తల నిటారుగా కనబడుతూనే ఉంది.

మరుసటి శనివారం జనం అలవాటుగా లూవీనా పాట అడిగారు. ఒలీటా నిలబడి నోరు తెరిచింది. ఒక్క మాట రాలేదు. డ్రీమాని పాడమన్నారు. ఆమెకీ రాలేదు. ఎర్స్కిన్ కనీసం రాగమైనా పట్టుకుందామని కమాను తీగల మీద పెట్టి, ఏమీ తోచక తీసేశాడు. హెస్టర్ ఇచ్చిపోయిన ఒక్క ఆస్తీ పోయింది. ఒలీటా ఆ సాయంత్రం మేనత్త సమాధి దగ్గరికి వెళ్ళి క్షమాపణ చెప్పుకుంది. పాట కోసం నిజంగానే ఏడ్చింది. ఇంటికొచ్చేసరికి డ్రీమా పొట్టి చేతుల చొక్కా వేసుకుని చిక్కుళ్ళ ఈనెలు తీస్తోంది. కమిలిన చోట పసుపుపచ్చగా మారుతోంది. ఆవిడ కూతురి పక్కన కూర్చుని తనూ ఈనెలు తీసింది.

ఆకులు రాలడం మొదలయ్యాక, అవతలి కొండల నుంచి పళ్ళు తెచ్చే లారీ డ్రైవర్ ఒకాయన హార్లన్‌ని చూశానని చెప్పాడు. పెట్రోలు బంకులో కనబడ్డాడట. గడ్డం పెరిగి, చిక్కి సగమైపోయాడట. తన ట్రక్కుకే దూరంగా నిలబడి, ఎక్కడానికి భయపడుతున్నాడట. నీలం గౌను పిల్ల కిటికీలోంచి పిలిస్తే అప్పుడు వెళ్ళి ఎక్కాడట.

"ఎక్కడికి పోతున్నావయ్యా అని అడిగాను. నాకు తెలీదు, ఆమె చెప్పదు అన్నాడు. ఆ పిల్ల వేలితో దారి చూపించింది, అతను బండి అటే పోనిచ్చాడు" అన్నాడు డ్రైవర్.

ఒలీటాకి భయం వేసింది. సంతోషం కూడా కలిగింది, ఆ సంగతి దాచడం ఎందుకు. డ్రీమా గిటారు తీగ సవరిస్తున్నదల్లా ఆపింది.

"ఎటు చూపించింది?" అని అడిగింది.

"నది వైపు" అన్నాడు డ్రైవర్.