కాపలా బోరు

రిగ్గు బండి చేలోకి దిగిన పొద్దున అంకమ్మరావు దానికి పసుపు పూసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. పర్చూరు వైపు రిగ్గు వచ్చిందంటే నీళ్ళ కోసమే. మరో పనికి రావడం ఆ నేల ఎరగదు.

"బాబాయ్ గారూ, మేం పైకి తీసేదేమీ లేదు. ఫ్యాక్టరీల పొగలోని గ్యాసుని పట్టి భూమి అడుగున దాచొచ్చో లేదో, రాయిని పరీక్ష చేస్తాం. అంతే" అంది ఇంజనీరు ఉదయశ్రీ. చేను అడిగిన నాడూ ఇదే చెప్పింది.

"అట్టాగేనమ్మా, చేసుకోండి" అన్నాడు. దారిలో నీళ్ళు తగలకుండా ఎక్కడికి పోతాయిలే అనుకున్నాడు మనసులో.

ఉన్న బోరులో ఉప్పునీళ్ళు. అవి పెట్టీ పెట్టీ మిరప తోట పూత రాలుస్తోంది. మంచినీళ్ళు నాలుగు తడులు పడితే కాపు నిలుస్తుంది. లేదంటే ఈ ఏడు కళ్ళంలో ఎండేది తనూ, భార్య మల్లేశ్వరీ.

ఒక మధ్యాహ్నం గొట్టం పక్క నుంచి నీళ్ళు ఎగజిమ్మాయి. అంకమ్మరావు దోసిలి పట్టి తాగాడు.

"మల్లీ! తీపే! కొబ్బరినీళ్ళే!"

మల్లేశ్వరి ఓ గుక్క తాగి చూసింది. "కొబ్బరినీళ్ళు కాదుగానీ, పప్పు ఉడుకుద్ది."

మర్నాడు అతను మోటారు అరువు తెచ్చేసరికి, రిగ్గు నడిపే మీరావలి బోరులోకి ఇనప గొట్టం దించి, చుట్టూ పోయడానికి సిమెంటు కలుపుతున్నాడు.

"ఒరేయ్ మీరావలీ! నోటికాడ నీళ్ళకి సిమెంటు పోస్తావేందిరా?"

"నన్నేం జెయ్యమంటావు బాబాయ్? మేడమ్ గారు పొయ్యమన్నారు."

అంకమ్మరావు వెళ్ళి సిమెంటు బస్తాల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "నన్ను గూడా కలిపి పొయ్యండి."

ఉదయశ్రీ పరుగున వచ్చింది. "రేపు కింద గ్యాసు దాచాక, అది ఈ బొక్కలోంచి పైకి పాకితే ముందు చెడేది ఈ మంచినీళ్ళే. వాటి కోసమే ఈ గోడ."

"దొంగకి గోడ కట్టారు, బానే ఉంది. ఆసామీ కూడా తాగకూడదా?"

ఆమె నవ్వింది. "పక్కనే ఈ నీళ్ళ దాకా ఇంకో బోరు వేస్తాం. కాపలా బోరు. గ్యాసు చేరిందేమోనని అప్పుడప్పుడూ సీసాడు నీళ్ళు పరీక్షకి పంపాలి."

"సీసాడా?" అతని మొహం వాడిపోయింది.

"సీసాడే. కాకపోతే గొట్టంలో నిలవ నీళ్ళు పనికిరావు. ముందు మోటారేసి చాలాసేపు వదిలేసి, తర్వాత పట్టాలి."

అంకమ్మరావు మెల్లిగా కాళ్ళు కిందికి దించాడు. "ఆ వదిలేసే నీళ్ళు ఎటు పోతాయమ్మా?"

"ఎటైనా. మీ తోటలోకే."

"ఎన్నాళ్ళకోసారి?"

"మూడు నెలలకి."

"అదేం మాటమ్మా! మూడు నెలల్లో ఆ గ్యాసు చీరాల పోయి చీరలు కొనుక్కొస్తుంది. మనం చేతులు కట్టుక్కూర్చుందామా? రోజూ చూసుకోవాల!"

మల్లేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నిన్నటిదాకా అది వంటగ్యాసే అనుకున్నాడమ్మాయ్."

ఉదయశ్రీ వాడిన తోట వంక చూసింది. "నిజానికి గ్యాసు దాచకముందు నీళ్ళ గుణం తెలియాలంటే మొదట్లో తరచుగా తీయాల్సిందే. రోజూ కాదు. వారానికోసారి రాస్తాను, పై వాళ్ళూ కాదనరు."

వారానికో తడి! అంకమ్మరావు బస్తాల మీద నుంచి దిగి, పంచె ఎగ్గట్టి, ఓ బస్తా భుజానికెత్తుకున్నాడు.

"ఏరా మీరావలీ, చూస్తా నిలబడ్డావేంది? గబగబా పొయ్యి! మన నీళ్ళు చెడిపోతాయ్."