డబ్లిన్ చూసిన విధము

ఐర్లాండ్ వచ్చి ఏడాది దాటినా నేను చూసినవి రెండే రెండు: నా గది గోడ, ఆ గోడకు ఆనించిన లాప్‌టాప్‌లో మా ప్రొఫెసర్ నుదురు. కెమెరా ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు కోర్సు అయ్యేదాకా తెలియలేదు. కూతురు వాటర్‌ఫోర్డ్‌లో ఎమ్మెస్ చేస్తోందని ఏలూరులో మా అమ్మ వీధి వీధికీ చెప్పుకుంది గానీ, ఆ చదువేదో ఏలూరులో మంచం మీద పడుకుని చదివినా ఇంతకన్నా తక్కువేమీ వచ్చేది కాదు. కరోనా వల్ల ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదన్నారు. దాటితే గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, బండి ఆపి ఎక్కడికని అడిగేవాళ్ళు. యూరప్‌లో ఉన్నానని రుజువుగా నేను పెట్టిన ఫోటోలన్నీ ఒకే సూపర్‌మార్కెట్ ముందు తీసుకున్నవి.

అందుకే, ఆంక్షలు సడలి బస్సులు మామూలుగా తిరగడం మొదలైన సెప్టెంబరులో, నాకు సెలవు దొరికిన ఒకే ఒక్క శనివారం డబ్లిన్ చూసి తీరాలనుకున్నాను. ట్రినిటీ కాలేజీ, లిఫీ నది మీద హేపెన్నీ వంతెన, ఫీనిక్స్ పార్కులో జింకలు. సాయంత్రం బస్సుకు తిరిగి రావాలి, మర్నాడు నేను పనిచేసే షాపులో డ్యూటీ. ఆ మాట అమ్మతో చెప్పి చేజేతులా చెడగొట్టుకున్నాను.

"డబ్లిన్ వెళ్తున్నావా? అయితే ముందు కృపారావు అంకుల్ని పరామర్శించు రమ్యా," అంది.

కృపారావు అంకుల్ భార్య మార్తా ఆంటీ, మా అమ్మ సరోజిని గుంటూరు నర్సింగ్ స్కూల్లో ఒకే గదిలో ఉండేవాళ్ళు. తర్వాత ఆంటీ ఐర్లాండ్ వచ్చేసింది. డబ్లిన్ ఎయిర్‌పోర్ట్ పక్కన స్వోర్డ్స్‌లో ఇల్లు కొనుక్కున్నారు. పిల్లల్లేరు. నేనిక్కడ దిగిన వారంలోనే ఫోన్ చేసి, "దుప్పటి తెచ్చుకున్నావా, ఇక్కడి చలి నీకు తెలీదు" అని పోస్టులో దుప్పటి పంపింది. ఒక్కసారైనా చూడని ఆ మనిషి జనవరిలో కోవిడ్‌తో పోయింది. సమాధి కార్యక్రమానికి పదిమందికి మించి రాకూడదన్న రోజులవి. వచ్చిన ఆ పదిమందీ దూరంగా నిలబడి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఎవరూ ఆ గడప తొక్కలేదని అమ్మకెవరో చెప్పారు.

"వెళ్ళి ఏమనాలి?" అన్నాను.

"ఏమంటారేంటే! మనిషి పోతే లోకమంతా ఏమంటుందో అదే అను. నేను రాలేను గాబట్టి నా బదులు నువ్వు. ఆ పని చెయ్యకుండా ఎన్ని చూసొచ్చినా నాకు చెప్పకు."

పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళమన్నట్టుంది అని విసుక్కున్నాను. ఆంటీ మీద ప్రేమ లేక కాదు. ఎదురుగా కూర్చుని ఆ మాట అనాలంటే భయం. ఫోన్‌లో అయితే చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపి ఊరుకోవచ్చు. జనవరిలో నేను చేసింది అదే.

ఫోన్ చేస్తే అంకుల్ నన్ను ఎయిర్‌పోర్ట్ దాకా టికెట్ తీసుకోమన్నాడు. బస్సు నగరం మధ్యలోంచే వెళ్ళింది. దిగిపోదామా అని కాళ్ళు లాగాయి, కానీ అమ్మ మాట గుర్తొచ్చి బుద్ధిగా కూర్చున్నాను. ఎయిర్‌పోర్ట్ స్టాపులో అంకుల్ ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లతో చర్చికి వచ్చినట్టు నిలబడి ఉన్నాడు.

"వందనాలమ్మా. డబ్లినంతా నేను చూపిస్తాగా! ఇక్కడ నాకు తెలీని సందు లేదు."

కారెక్కగానే, "అంకుల్, ఆంటీ..." అని మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే ఆయన, "బెల్టు పెట్టుకోమ్మా" అన్నాడు. నా ధైర్యం అంతటితో సరి.

"ముందు మా జయకుమార్ వాళ్ళింట్లో తలకాయ చూపించి పోదాం. ఐదు నిమిషాలు."

తెలుగువాళ్ళ ఐదు నిమిషాల సంగతి నాకు తెలుసు. అయినా పెద్దాయన, పైగా దుఃఖంలో ఉన్న మనిషి, ఏమంటాం?

జయకుమార్ తలుపు తీశాడు, వెనకే ఆయన భార్య ఫెబి వచ్చింది. ఇద్దరూ ఆంటీ పనిచేసిన నర్సింగ్ హోమ్‌లోనే కేరర్లు, అంటే అక్కడుండే ముసలివాళ్ళను చూసుకునేవాళ్ళు. అంకుల్ గుమ్మంలో నిలబడి, "ఈ అమ్మాయి మా మార్తా ఫ్రెండు కూతురు. మార్తా, వీళ్ళమ్మా కలిసి చదువుకున్నారు," అన్నాడు. అని ఆగాడు. జయకుమార్ చూపు అంకుల్ బూట్ల మీద పడింది.

"అవునా! రామ్మా, ఇడ్లీలు తింటావా?" అంది ఫెబి.

అక్కణ్ణుంచి అద్దెలు పెరగడం గురించి, జీపీ డాక్టరు అపాయింట్‌మెంట్ దొరక్కపోవడం గురించి, ఎవరెవరు ఏ టీకా వేయించుకున్నారో దాని గురించి మాట్లాడుకున్నారు. కాస్త నిశ్శబ్దం రాబోతోందంటే చాలు, ఎవరో ఒకరు దాని మీద చట్నీ వడ్డించేవారు. ఒకసారి అంకుల్, "సాంబారు బాగుందమ్మా. మా మార్తా అయితే ఇందులో..." అని మళ్ళీ ఆగాడు.

"ఇంకొంచెం పోసుకోండి బ్రదర్," అని ఫెబి గరిటెతో ఆయన మాటను ముంచేసింది.

రెండో ఇల్లు రఘువీర్, భానుమతి దంపతులది. మళ్ళీ అదే గుమ్మం, అదే మాట: "మా మార్తా ఫ్రెండు కూతురు." మళ్ళీ అదే ఆగడం. రఘువీర్ అంకుల్ గొంతు సవరించుకుని నన్ను ఏ కోర్సు, ఏ కాలేజీ అని ఇంటర్వ్యూ చేశాడు. అంకుల్ సోఫా అంచున కూర్చుని ఒక్కొక్కరి మొహం చూస్తున్నాడు, వరస ఎప్పుడొస్తుందా అని రేషన్ షాపు ముందు నిలబడ్డ మనిషిలాగా. వాళ్ళేమో ఆయన తప్ప గదిలో ఉన్న ప్రతి వస్తువునూ చూస్తున్నారు.

పళ్ళేలు తేవడానికి భానుమతి ఆంటీ వంటింట్లోకి వెళ్తే వెనకే వెళ్ళాను. ఆమె ప్రెస్ తలుపు తీస్తూ గొంతు తగ్గించింది. ఇక్కడ వంటింటి అల్మరాను ప్రెస్ అంటారు.

"ఆయన ముందు మార్తా మాట ఎత్తకమ్మా. పాపం, తట్టుకోలేడు. అయినా ఈ దేశంలో అట్లాంటివి అడక్కూడదు. ప్రైవసీ."

"మీరు చూడ్డానికి వెళ్ళారా ఆంటీ?"

"లాక్‌డౌన్ కదమ్మా. బిర్యానీ పంపాం. గుమ్మం ముందు పెట్టి, బెల్లు కొట్టి, ఆయన తలుపు తీసేలోపు కారెక్కేశాం. రూల్స్ అట్లా ఉన్నాయి మరి. తర్వాత వెళ్దామంటే ఇన్నాళ్ళకి ఏ మొహం పెట్టుకుని వెళ్తాం?" అంటూనే ఆమె కళ్ళు నిండాయి. "నా రెండు కాన్పులకీ పక్కన ఉన్నది మార్తానే," అని కొంగుతో కళ్ళు తుడుచుకుని, గులాబ్‌జామూన్ గిన్నె పట్టుకుని నవ్వుమొహంతో హాల్లోకి వెళ్ళింది.

అప్పటికి నాకు విషయం అర్థమైంది. అంకుల్ నాకు డబ్లిన్ చూపించడం లేదు, డబ్లిన్‌కు నన్ను చూపిస్తున్నాడు. చావు జరిగిన ఇంటికి మనుషులు రావాలి గానీ, ఆ ఇంటి మనిషే గడప గడపకూ తిరిగి నన్ను పలకరించండని అడుక్కోకూడదు కదా. ఇన్ని నెలలకు ఊరి నుంచి వచ్చిన పిల్ల ఒకటి వంకగా దొరికింది. ప్రతి గుమ్మంలోనూ ఆ పేరు పలికి వాళ్ళకు దారి తీసి చూపిస్తున్నాడు. ఆ దారిలో అడుగు పెట్టే దమ్ము ఒక్కరికీ లేదు.

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో తెలియక అందరి మీదా మండింది. ఇంతా చేసి, పొద్దుట్నుంచి ఆయన పక్కనే కూర్చున్న నేను మాత్రం ఏం అన్నాను? వాళ్ళు గులాబ్‌జామూన్ పెట్టారు, నేను తిన్నాను.

మూడో ఇంట్లో కూడా ఇదే తంతు, జామూన్ బదులు కేసరి. బయటికొచ్చేసరికి సాయంత్రం కావస్తోంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, ప్రభుత్వం ఐదు కిలోమీటర్ల గీత చెరిపేసినా నేను స్వోర్డ్స్‌లో మూడు సోఫాలు దాటలేదు.

"అంకుల్, నా బస్సుకు టైమవుతోంది. కనీసం ట్రినిటీ గేటు ముందు ఒక్క ఫోటో," అన్నాను. ఏడుపు గొంతే వచ్చింది.

ఆయన ఉలిక్కిపడ్డట్టు నా వైపు చూశాడు. "అయ్యో, అదే కదా నువ్వొచ్చిన పని! పదమ్మా." కారు నగరం వైపు తిప్పాడు. పొద్దుటి ఉత్సాహం మూడు ఇళ్ళలో మూడు వంతులూ ఖర్చయిపోయింది.

ట్రినిటీ గేటు ఎదురుగా, రోడ్డు పక్కన రెండు పసుపు గీతల మీద కారాపి, "పరిగెత్తు, తీసుకునిరా," అన్నాడు. ఆ గీతల మీద కారు ఆపకూడదు. నేను డోరు తీసేలోపే పొడుగాటి గార్డు ఒకాయన వచ్చి అద్దం మీద తట్టాడు. ఇక్కడ ఆపకూడదని తెలియదా అన్నాడు. లైసెన్సు అడిగాడు. కారు మీదేనా అన్నాడు.

"నా భార్యది," అన్నాడు అంకుల్ ఇంగ్లీషులో.

ఆమె ఎక్కడ అని అడిగాడు గార్డు, మామూలుగానే.

"జనవరిలో చనిపోయింది. కోవిడ్."

జరిమానా ఎంత పడుతుందో అని నేను బిగుసుకుపోయాను. గార్డు లైసెన్సు తిరిగి ఇచ్చేశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. కిటికీలోంచి చెయ్యి లోపలికి చాపి, "సారీ ఫర్ యువర్ ట్రబుల్," అన్నాడు. ఈ దేశంలో చావింటికి వెళ్ళిన ప్రతివాళ్ళూ ఇంటివాళ్ళ చెయ్యి పట్టుకుని అనే మాట అదేనట. కరోనా వచ్చాక ఇక్కడ ఒకరి చెయ్యి ఇంకొకరు పట్టుకోవడం నేను చూడలేదు. అంకుల్ ఆ చేతి వంక ఒక్క క్షణం చూసి, రెండు చేతులతో పట్టుకున్నాడు.

పేరేమిటి అని అడిగాడు గార్డు.

"మార్తా."

ఎన్నాళ్ళు బాధపడింది? హఠాత్తుగా పోయిందా?

అచ్చం మా ఏలూరులో అడిగినట్టే అడిగాడు. మా తాతయ్య పోయినప్పుడు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ చాప మీద కూర్చుని, అసలు ఎలా జరిగిందమ్మా అనడం, అమ్మమ్మ మళ్ళీ మొదట్నుంచి చెప్పడం. పాలవాడికి కూడా చెప్పింది. మానని పుండు కెలుకుతారేంటని నేను వాళ్ళ మీద అరిచాను. మానాలంటే అన్నిసార్లు చెప్పాలని అప్పుడు నాకు తెలియలేదు.

అంకుల్ చెప్పడం మొదలుపెట్టాడు. ఆ రోజు డ్యూటీ నుంచి వచ్చి టీకి రుచి లేదందని, గది తలుపు వేసుకుని ఆయన్ను లోపలికి రావద్దందని, అంబులెన్సులోకి తనే నడిచి ఎక్కిందని, ఆస్పత్రి నుంచి వీడియో కాల్‌లో గ్యాస్ ఆపేశావా అని అడిగిందని. మధ్యలో బస్సు ఒకటి హారన్ కొట్టింది. గార్డు వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తి దాన్ని పక్కనుంచి పొమ్మన్నాడు. అంకుల్ ఏడ్చాడు. గార్డు చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చివరికి, తొందరేం లేదు, నెమ్మదిగా కదలండి అని చెప్పి టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఇన్ని ఇళ్ళు తిరిగితే ఆ మనిషిని పరామర్శించింది, కారు తీయమనడానికి వచ్చిన పోలీసు.

నాకు సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది.

అంకుల్ మొహం తుడుచుకుని నా బస్సు స్టాపు వైపు కారు కదిలించాడు. గేటు వెనకపడింది. కొంచెం దూరం పోయాక, "ఇంగ్లీషులో సరిగ్గా చెప్పలేకపోయానమ్మా," అన్నాడు.

"నాకు చెప్పండి అంకుల్. అసలు ఎలా జరిగింది?"

ఆయన పెద్దగా ఊపిరి తీసుకున్నాడు. "ఆ రోజు పొద్దున్నే లేచి, ఒళ్ళు నొప్పులుగా ఉందయ్యా అంది. డ్యూటీ మానెయ్యవే అన్నాను. వింటేగా..."

కుడివైపు నది వచ్చింది. నది మీద తెల్లటి వంతెన ఒకటి, దాని మీద జనం ఫోటోలు తీసుకుంటూ కనిపించారు. అదే హేపెన్నీ వంతెన అయి ఉండాలి. సరిగ్గా చూడలేదు.

"అప్పుడు?" అన్నాను.