నాలుక కింద మూడు వద్దులు

నిరుద్యోగ భృతి ఆఫీసులో నా నాలుక కింద మూడు వద్దులు పెడతారు. చింతగింజల్లా నున్నగా, చల్లగా ఉంటాయి. పెట్టేది భూలక్ష్మి మేడం. నాలుగో నంబరు కౌంటర్లో పద్దెనిమిదేళ్లుగా ఆమే కూర్చుంటోంది. మాట్లాడేటప్పుడు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటుంది.

రూలు చాలా సింపుల్. ఆరు నెలలు భృతి ఇస్తారు. ఈలోగా ఏదైనా ఉద్యోగం వస్తే వద్దనొచ్చు, కానీ మూడుసార్లే. అన్నప్పుడల్లా ఒక గింజ బయటికొచ్చేస్తుంది. మూడూ అయిపోయాక ఎవరు ఏ ఉద్యోగం ఇచ్చినా అది నాదే. ఇంక అడిగేది ఉండదు.

"మింగకు," అంటుంది మేడం కొంగు వెనక నుంచి. "మింగితే ఏమైతదో ఫారంల రాయలే."

నేను ప్రెషర్ కుక్కర్ల ఫ్యాక్టరీలో చెకింగ్ సెక్షన్‌లో పనిచేసేదాన్ని. నా పనే వద్దనడం. మూత బిగించి, మంట పెట్టి, సేఫ్టీ వాల్వ్ తెరుచుకోవాల్సినప్పుడు తెరుచుకోకపోతే ఆ కుక్కర్‌ని పక్కన పెట్టాలి. మే నెలలో ఒక లాట్ కుక్కర్లు మొత్తం పక్కన పెట్టాను. మేనేజర్ మోహన్‌రాజ్ నన్ను పక్కన పెట్టాడు. అవి ఎవరి మొహం మీదో పేలతాయి సార్ అన్నాను. మీ ఇంట్లో పేలవు కదమ్మా, నీకెందుకు అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెవుల్లోంచి ఆవిరొస్తుంది. బస్సులో పక్కసీటావిడ కళ్లజోడు తీసి తుడుచుకుంటుంది, నావైపు చూసి కొంచెం జరుగుతుంది.

ఇంటికొస్తాను. కింది పోర్షన్ సుగుణమ్మ ఆంటీ మెట్ల దగ్గరే ఆపుతుంది. నా పని పోయిందని ఆమెకు తెలుసు, అందుకే చాయ్ పెట్టి ఉంచింది.

"జర చాయ్ తాగి పో బిడ్డా."

"అయ్యో, వద్దాంటీ."

అది మర్యాద. మొదటిసారి అందరూ వద్దనే అంటారు, రెండోసారి అడిగితే తాగుతారు. కానీ గింజకి మర్యాద తెలీదు. నా నోట్లోంచి టక్కున ఊడిపడి, గేటు కింద నుంచి దూరి, ఆఫీసు వైపు దొర్లుకుంటూ పోతుంది. ఎర్ర లైటు పడితే సిగ్నల్ దగ్గర ఆగుతుంది కూడా. నేను పరిగెత్తి అందుకునేలోపే ఆకుపచ్చ లైటు పడుతుంది.

తిరిగొచ్చి చాయ్ తాగుతాను. ఆంటీ ఉప్మా పెట్టి, ఇంకో గరిటె వేయబోతుంది. నా చెయ్యి దానంతటదే ప్లేటుకు అడ్డం వెళ్తుంది, నోరు దానంతటదే చాలు చాలు వద్దు అంటుంది. రెండోది కూడా దొర్లిపోతుంది.

ఆఫీసుకు ఫోన్ చేస్తాను. ఉప్మాకి వేరే, ఉద్యోగానికి వేరే గింజలు ఉండవని భూలక్ష్మి మేడం నెమ్మదిగా వివరిస్తుంది. నేను నెమ్మదిగా వినలేను. మోహన్‌రాజ్‌కి నోటినిండా వద్దులే. బోనస్ వద్దంటాడు, యూనియన్ వద్దంటాడు, ఆడవాళ్లకి బాత్రూమ్ బ్రేక్ వద్దంటాడు, ఒక్కటీ ఊడదు. నాకిచ్చింది మూడు, అందులో రెండు మర్యాదకే పోయాయి. నన్ను ఇంత మర్యాదగా పెంచిన వాళ్లందరి మీదా కోపమొస్తుంది. చేతిలో ఫోను వేడెక్కి మెత్తబడిపోతుంది.

ఆ రోజు నుంచి నేను దేన్నీ వద్దనను. రోడ్డు మీద ఇచ్చిన ప్రతి పాంప్లెట్ తీసుకుంటాను. క్రెడిట్ కార్డులు తీసుకుంటాను. తెలియనివాళ్ల పెళ్లిపత్రికలు, ఒక చిలక పంజరం, పదకొండు వాటర్ ప్యూరిఫైయర్లు తీసుకుంటాను. గది సరిపోక రోజుకో అడుగు పొడుగవుతుంది. ఇప్పుడు మంచం దగ్గర్నుంచి కిటికీ దాకా వెళ్లాలంటే చెప్పులేసుకుని బయల్దేరాలి.

నలభయ్యో రోజు లెటరొస్తుంది. అదే ఫ్యాక్టరీ, అదే సెక్షన్, అదే కుర్చీ. పని కొత్తది. నేను పక్కన పెట్టిన లాట్‌లో ఒక్కో కుక్కర్ మీద 'సరే' అని స్టాంపేసి కింద నా సంతకం పెట్టాలి.

ఆఫీసుకెళ్తాను. నాలుగో కౌంటర్ ముందు మోహన్‌రాజ్ అప్పటికే కూర్చుని ఉంటాడు, ఒళ్లో ఆ లాట్‌లోని కుక్కర్ ఒకటి. నా వెనక క్యూ గేటు దాకా ఉంది. అందరి బుగ్గలూ లోపలికి పీక్కుపోయి ఉన్నాయి, అందరి గింజలూ అయిపోయాయి.

భూలక్ష్మి మేడం తిరస్కరణ ఫారం తోస్తుంది. కారణం రాసే గడి బొటనవేలంత ఉంది. 'పేలుతుంది' అని రాస్తాను.

"అది కుక్కర్ కారణం," అంటుంది. "నీ కారణం రాయి."

నా చెవుల్లోంచి వచ్చే ఆవిరికి ఫారం తడిసి ముద్దవుతుంది. మోహన్‌రాజ్ కుక్కర్ మూత ప్రేమగా నిమురుతాడు.

"కోపమెందుకమ్మా. వద్దని అను. ఒక్కటే ఉంది కదా, వాడుకో. నేను మళ్లీ అడుగుతా. అప్పుడు నీ నోట్లో ఏముంటుంది?"

అతను చెప్పింది కరెక్టే. అందుకే నోరు తెరవను. చిన్నప్పుడు గింజ మింగితే కడుపులో చెట్టు మొలుస్తుందని మా పిన్ని బెదిరించేది. ఇరవై మూడేళ్లొచ్చాయి, ఇంకా ఎందుకు భయపడాలి? మింగేస్తాను.

ఇన్నాళ్లూ నున్నగా ఉన్నదే ఇసుక కాగితంలా గొంతు గీరుకుంటూ దిగుతుంది.

"మాట్లాడలేదంటే ఒప్పుకున్నట్టే," అని మోహన్‌రాజ్ నా చెయ్యి లాగి వేళ్ల మధ్య స్టాంపు పెడతాడు. వేళ్లు మూసుకోవు. గోళ్ల కింద నుంచి చింత చిగురు వస్తోంది. పుల్లటి వాసన. అతను రెండోసారి అడుగుతాడు, మోచేతి దగ్గర కొమ్మ చీలుతుంది. మూడోసారి అరుస్తాడు, నా భుజాల మీద కాయలు దిగుతాయి. నొప్పిగా ఉంది. ఆపమని ఎవరికీ చెప్పను. అతను అడిగేకొద్దీ కాస్తున్నాను. స్టాంపు కింద పడి, నా కాళ్ల నుంచి పాకిన వేర్ల సందున ఇరుక్కుపోతుంది.

క్యూలో ముందున్న ముసలాయన మాట్లాడకుండా ఒక కాయ తెంపి, గింజలొలిచి, నాలుక కింద పెట్టుకుంటాడు. ఆయన బుగ్గ నిండుతుంది. తర్వాతివాళ్లు వస్తారు. ఎవరూ తోసుకోరు. గేటు దాకా బుగ్గలు నిండుతాయి.

ఆఖర్న భూలక్ష్మి మేడం లేచి కౌంటర్ బయటికొస్తుంది. పద్దెనిమిదేళ్లు ఊరందరి నాలుకల కింద గింజలు పెట్టింది గానీ ఆమెకెవరూ ఒక్కటి కూడా ఇవ్వలేదు. నా ఎడమ భుజం మీంచి ఒక కాయ తెంపుకుంటుంది. లోపలి గదిలోంచి ఆఫీసర్ నా ఫైలు మూసి తెమ్మని ఆమెకు కేకేస్తాడు.

ఆమె కొంగు తీసేసి నోరు తెరుస్తుంది. లోపల పళ్లు లేవు. రెండు వరసల నిండా చిన్న చిన్న రబ్బరు స్టాంపులు, అన్నిటి మీదా 'సరే'. గింజ నాలుక కింద పెట్టుకోగానే ముందు స్టాంపు ఊడి బల్ల మీద పడుతుంది. తర్వాత దాని పక్కది. ఊడిన చోటల్లా చిగుళ్లోంచి ఒక్కో చింతాకు లేస్తుంది, తడిగా, ఆఫీసర్ గది వైపు తిరిగి.