ఎడమ సీటు

ఆదివారం పొద్దున ఆరున్నరకల్లా లీల కారు డిక్కీలో సర్దే సామాను ఇదీ: ఫ్లాస్కు నిండా టీ, బరువు తూచే మిషను, ఫారాల ఫైలు, కుంకుమ భరిణె, మూడు నిమ్మకాయలు. విమానానికి చక్రాలు మూడే కనక నిమ్మకాయలూ మూడే. అడిలైడ్ శివార్లలో, మాసన్ లేక్స్‌లో ఉన్న వాళ్ళింటి నుంచి పారాఫీల్డ్ విమానాశ్రయానికి కారులో పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ ఆవిడ భర్త కేశవరావు మాట్లాడుతూనే ఉండేవాడు. గాలి ఎటునుంచి వీస్తోంది, మబ్బులు ఎంత ఎత్తులో ఉన్నాయి, పోయినవారం ఎక్కిన పెద్దాయన ఎలా కేకలు పెట్టాడు, అన్నీ. లీల ఊఁ కొట్టేది. నలభై ఏళ్ళుగా ఊఁ కొడుతోంది, ఆ విద్యలో ఆవిణ్ణి మించినవాళ్ళు లేరు.

కేశవరావు తెనాలి మనిషి. అడిలైడ్ ఆసుపత్రుల్లో ముప్పై ఏళ్ళు మత్తు డాక్టరుగా పనిచేశాడు. రిటైరయ్యాక అందరిలాగా పెరట్లో టమాటాలు వేసుకోకుండా, ఎయిర్ ఫోర్సు వాళ్ళు ఎప్పుడో వదిలేసిన పాత విన్‌జీల్ విమానం కొన్నాడు. పొట్ట కొంచెం ముందుకొచ్చిన విమానం. మొహం నిండా ఇంజనే. ఎయిర్ షోలకి పట్టుకెళ్ళేవాడు, ఆదివారాలు జనాన్ని ఎక్కించుకుని సముద్రం మీద ఇరవై నిమిషాలు తిప్పి తెచ్చేవాడు. ఎక్కబోయే ప్రతివాళ్ళనీ లీల తూచేది. బరువు తెలియకుండా విమానం కదలదు. వయసు దాచని వాళ్ళు కూడా ఆ మిషను దగ్గర కోటు విప్పి, బూట్లు విప్పి, చివరికి చేతి గడియారం కూడా విప్పేవారు. తూచాక ఫారం చదివి వినిపించి సంతకం పెట్టించుకునేది. రాహుకాలంలో మాత్రం ఎవర్నీ ఎక్కించేది కాదు. మెకానిక్ నెవిల్‌కి తెలుగు ఒక్క ముక్క రాదు గానీ, ఏ వారం రాహుకాలం ఎప్పుడో కంఠతా వచ్చు.

ఫారంలో రెండు సంగతులుండేవి. మొదటిది, ఇది పాత సైనిక విమానం, మామూలు విమానాలకుండే భద్రతా ప్రమాణాలు దీనికి వర్తించవు, తెలిసే ఎక్కుతున్నాను అని. రెండోది, దిగాక నాకు ఏదో ఒకటి కొత్తగా వచ్చి ఉంటుంది, అది ఏదైనా అభ్యంతరం లేదు అని. విన్‌జీల్ కట్టిందే చదువు చెప్పడానికి. పక్కపక్కన రెండు సీట్లు. ఎడమది శిష్యుడిది, కుడిది గురువుది. ఎయిర్ ఫోర్సు కుర్రాళ్ళు ఎందరికో ఓనమాలు దిద్దించింది. ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? ఎడమ సీట్లో ఎవరు కూర్చున్నా ఏదో ఒకటి నేర్పి గానీ దింపదు.

కసాయి కొట్టు నడిపే ఒకాయన దిగేసరికి ఆయనకి సైకిలు తొక్కడం వచ్చింది. యూనివర్సిటీలో చదువుకునే సాకేత్‌కి చపాతీలు గుండ్రంగా చెయ్యడం వచ్చింది. సిడ్నీలో కెల్లీవిల్ నుంచి పనిగట్టుకుని వచ్చిన శ్రీలేఖ అనే ఆడిటరమ్మకి నోట్లో వేళ్ళు పెట్టి ఈల వెయ్యడం వచ్చింది. ఒకసారి ఖర్మగాలి ఒక కుర్రాడికి ఇంగ్లీషు గడగడా వచ్చేసి, వీసా కోసం రాసే పీటీఈ పరీక్షలో తొంభైకి తొంభై పడ్డాయి. ఆ సంగతి వాట్సాప్‌లో పాకింది. అంతే, మూడు నెలల పాటు అడిలైడ్ తెలుగువాళ్ళంతా విమానం ముందు క్యూ కట్టారు. ఒకడికి ఈత వచ్చింది, ఒకడికి ముగ్గులు వచ్చాయి, ఒకమ్మాయికి అత్తగారి మీద కోపం దిగమింగడం వచ్చింది. పీటీఈ ఇంకెవరికీ రాలేదు. "అది కోచింగ్ సెంటరు కాదు బాబూ, దానికి తోచింది అది చెబుతుంది" అని లీల చెప్పి చెప్పి అలిసిపోయింది.

కేశవరావుకి మాత్రం విమానం కొన్నాక గడిచిన పదకొండేళ్ళలో అది ఏమీ నేర్పలేదు. నడిపేవాడు కదా, ఎప్పుడూ కుడి సీటే.

ఆ ఏడు జూన్‌లో పైలట్లకి చేసే వైద్య పరీక్షలో ఆయన గుండె లయ తప్పుతోందని తేలింది. ఇంకొకరి గుండె చప్పుడు వింటూ బతికిన మనిషికి ఒకరు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇంటికొచ్చి, "అయిపోయింది లీలా. ఇంక నేను నడపకూడదు" అన్నాడు. విమానాన్ని దూరం పోనివ్వకుండా లాస్యకీ, ఆమె స్నేహితులకీ ఇచ్చేశాడు. లాస్యది వరంగల్. టెక్నాలజీ పార్కులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఈయన దగ్గరే విన్‌జీల్ నడపడం నేర్చుకుంది. కాగితాల మీద సంతకం పెట్టి, కలానికి క్యాప్ పెట్టి, ఆ సాయంత్రం నుంచి కేశవరావు మాట్లాడ్డం మానేశాడు.

అది కోపం కాదు, అలకా కాదు. అలకైతే లీలకి మందు తెలుసు, ఉల్లిపాయ పెసరట్టు. పిలిస్తే చూసేవాడు, పెడితే రెండు ముద్దలు తినేవాడు, కిటికీ పక్క కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. వాళ్ళింటి మీదుగా పారాఫీల్డ్ విమానాలు పోతూనే ఉంటాయి. ఒక్కదానికీ తలెత్తేవాడు కాదు.

లీలకి గుండెల్లో రాయి పడింది. కేశవరావు అన్నగారు సుందరరామయ్య తెనాలిలో హెడ్‌మాస్టరు. రిటైరైన మర్నాటి నుంచి ఇలాగే మాట మానేశాడు. ఒంట్లో ఏ జబ్బూ లేదని డాక్టర్లు చెబుతూ ఉండగానే నాలుగో నెలలో పోయాడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే పోలిక, నవ్వు దగ్గర్నుంచి. ఆవిడ క్యాలెండరు చూడ్డం మానేసింది. మాటలు వరసబెట్టి వినపడే ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు వినాల్సి రావడం ఎలా ఉంటుందో ఎవరికి చెప్పుకుంటుంది?

దానికి తోడు ఆవిడ కుడి భుజం పట్టేసి ఉంది. చెయ్యి చెవి దాటి పైకి లేచేది కాదు. అరవై నాలుగేళ్ళకీ నడుం దాటే జుట్టు ఆవిడది. జడ వేసుకోలేక ఎడమచేత్తో ఎలాగో పోగుచేసి ఓ క్లిప్పు పెట్టుకునేది. చిక్కులు పడిపోయింది. ఇంక లాభం లేదని శుక్రవారం పదింటికి సెలూన్‌లో జుట్టు కత్తిరింపుకి టైం తీసుకుని, మరిచిపోకుండా ఆ చీటీ ఫ్రిజ్ మీద అంటించుకుంది. ఈ గోల ఆయన చెవిన వెయ్యలేదు.

ముందు ఆయన సంగతి తేల్చాలనుకుని, ఆదివారం ఆయన్ని కారెక్కించి పారాఫీల్డ్ తీసుకెళ్ళింది.

విమానం చూడగానే కేశవరావు కాళ్ళు వాటంతటవే కుడివైపుకి నడిచాయి. అక్కడ లాస్య కూర్చుని ఉంది.

"అంకుల్, ఇవాళ మీరు అటు కూసోవాలె" అంది ఎడమ సీటు చూపించి.

ఆయన తల అడ్డంగా ఊపి వెనక్కి తిరిగాడు. శిష్యుడి సీట్లో ఎందుకు? తనకేం రావాలి ఇంకా? ఇంట్లో ముంగిలా కూర్చోవడం నేర్పుతుందనుకున్నాడో ఏమో, మొహం గంటు పెట్టుకున్నాడు. నెవిల్ వచ్చి భుజం తట్టాడు. లాభం లేకపోయింది.

లీల బతిమాలలేదు. కారులోంచి బరువు మిషను తెచ్చి ఆయన ముందు నేల మీద పెట్టింది.

"ఎక్కండి" అంది, ఏ ప్యాసింజరుకి చెప్పినా అలాగే.

పదకొండేళ్ళ క్రితం ఆ పద్ధతి పెట్టింది ఆయనే. నేల మీద లీల చెప్పిందే చట్టం, పైలట్ అయినా సరే వినాల్సిందే అన్నదీ ఆయనే. అలవాటు మనిషిని ఎక్కించేసింది. మిషను అరవై తొమ్మిది చూపించింది. మార్చిలో డెబ్బై ఆరు. ఫారంలో ఆ అంకె రాస్తుంటే లీలకి కళ్ళలో నీళ్ళు తిరిగి అంకె అలుక్కుపోయింది. మళ్ళీ రాసింది. తర్వాత గొంతు సవరించుకుని రెండు సంగతులూ మొదటి నుంచి చదివింది. "దిగాక నాకు ఏదో ఒకటి కొత్తగా వచ్చి ఉంటుంది, అది ఏదైనా అభ్యంతరం లేదు. సంతకం ఇక్కడ."

కేశవరావు ఆవిడ మొహంలోకి చూశాడు. కలం అందుకున్నాడు.

విమానం లేచి, ఉప్పు మడుల మీదుగా సముద్రం వైపు పోయింది. లీల కింద నుంచుని చూసింది. ఇంజను మోత సన్నగిల్లేదాకా చూసి, టీ పోసుకుని, తాగకుండా చల్లార్చింది. పెళ్ళయిన కొత్తల్లో కూడా ఆయన కోసం ఇంత కొట్టుకులాడలేదు.

ఇరవై నిమిషాలకి దిగారు. "మొత్తం నేనే మాట్లాడిన ఆంటీ. అంకుల్ కిందికి చూసుకుంట కూసున్నడు, అంతే" అంది లాస్య హెడ్‌సెట్ తీస్తూ. "ఏదో ఒకటి అయితే వచ్చే ఉంటది. దిగంగనే తెలుస్తదా ఎవరికైనా?"

నిజమే, కొందరికి అక్కడికక్కడే తెలిసేది, కొందరికి వారం పట్టేది. లీల సోమవారం ఆయన ముందు చపాతీ పిండి పెట్టింది. చూశాడు. మంగళవారం చదరంగం బల్ల పరిచింది. బుధవారం పక్కింటివాళ్ళ గిటారు అడిగి తెచ్చింది. తాకలేదు. సాయంత్రం లాస్య ఫోను చేసి, "ఈత చూసిన్రా ఆంటీ?" అంది. అడిలైడ్ జూలై చలిలో ఈత ఏమిటని లీల విసుక్కుంది. గురువారం ఇంకేం పెట్టడానికీ తోచలేదు. ఆయనకి ఏమీ నేర్పలేదేమో, కుడి సీటు వాళ్ళంటే దానికి ఖాతరు లేదేమో అనుకుని ఆ రోజు వంటింట్లో నుంచుని ఏడ్చింది.

శుక్రవారం తొమ్మిదింటికి అద్దం ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. సెలూన్ పిల్ల ఈ చిక్కుల్ని చూసి ఏమనుకుంటుందో, కాస్త దువ్వుకుని వెళదామని. క్లిప్పు తీసింది. ఎడమచేత్తో దువ్వెన పెట్టి లాగితే సగంలో ఇరుక్కుపోయింది. కుడిచెయ్యి ఎత్తబోయి, అమ్మా అనుకుని దించేసింది.

దువ్వెన ఆవిడ చేతిలోంచి ఎవరో తీసుకున్నారు.

అద్దంలో కేశవరావు కనిపించాడు. కుర్చీలోంచి ఎప్పుడు లేచాడో. జుట్టు కొసలు గుప్పిట్లో పట్టుకుని కింద నుంచి చిక్కు తీస్తున్నాడు, నొప్పి తెలియకుండా, కొంచెం కొంచెంగా పైకి వస్తూ. కొబ్బరినూనె సీసా వెతుక్కోకుండానే అందుకున్నాడు. పాపిట తీశాడు. పాయలు విడదీశాడు, మూడు కాదు, నాలుగు. నాలుగు పాయల జడ లీలకి చిన్నప్పుడు వాళ్ళమ్మ వేసేది. ఆవిడ పోయాక ఆ జడ ఎవరూ వెయ్యలేదు. ఆ సంగతి లీల ఆయనకి ఎన్నడూ చెప్పలేదు.

ఆవిడ వెనక్కి తిరగబోయింది.

"కదలకు" అన్నాడు కేశవరావు. మూడు వారాలుగా వాడని గొంతు బొంగురుగా వచ్చింది. "తల నిటారుగా పెట్టు."

లీల కదల్లేదు. కళ్ళనీళ్ళు కారి చీర మీద పడుతున్నా తుడుచుకోలేదు. తుడుచుకుంటే కదిలినట్టవుతుంది.

"ఈ భుజం ఎప్పట్నుంచి?"

"ఉగాది నుంచి."

"నాలుగు నెలలు! నేను డాక్టర్నే కదా లీలా, నాకెందుకు చెప్పలేదు?"

"మీరు పైన ఎగురుతున్నారుగా" అంది.

ఆయన చేతులు ఆగిపోయాయి. ఎక్కడో విమానం పోతోంది, ఇద్దరిలో ఎవరూ పట్టించుకోలేదు. మళ్ళీ చేతులు కదిలాయి, ఇందాకటి కంటే మెల్లగా. "సోమవారం ఫిజియో దగ్గరికి తీసుకెళతాను" అన్నాడు. "రోజూ వేడి కాపడం పెట్టాలి. ఆ సెలూన్ వాళ్ళకి ఫోన్ చేసి రావట్లేదని చెప్పేస్తాను. ఫ్రిజ్ మీద చీటీ అంటించావు కదా, చూశాను. చూసి కూడా ఏమీ అనలేదు, చూడు." ఆ తర్వాత గాలి గురించీ, లాస్య దిగేటప్పుడు చక్రం ఎలా ఎగరేసిందో ఆ విషయం గురించీ ఒకటే మాటలు. లీల ఊఁ కొడుతూ ఉంది.

జడ నడుం దాటి వచ్చింది. కొసకి రబ్బరు బ్యాండు వేసి, దూరంగా జరిగి, తల వాల్చి చూశాడు.

"బిగువు చాల్లేదు. విప్పి మళ్ళీ వేస్తాను" అన్నాడు.

బిగువు సరిగ్గా ఉందని లీలకి తెలుసు. "సరే, వెయ్యండి" అంది.