సున్నా ఎవరు పెట్టాలి

మా కాలనీ కుళాయి నీళ్ళు మంచివో కావో తేల్చడానికి వచ్చిన కెమిస్టు, తన చేతులు కడుక్కోవడానికి సీసా నీళ్ళు వెంట తెచ్చుకున్నాడు. మేమంతా చూస్తుండగానే మోచేతుల దాకా కడుక్కున్నాడు. అందులో సిగ్గుపడాల్సిందేదైనా ఉందని అతనికి తోచలేదు. ఫ్యాక్టరీలో కొలువిచ్చేటప్పుడే సిగ్గును గేటు దగ్గర జమ చేయించుకుంటారేమో.

రంగుల ఫ్యాక్టరీ మురుగు నేలలోకి ఇంకి మా కుళాయిల్లోకి వస్తోందని ఎంతో కాలంగా మొత్తుకున్నాం. ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసే మేమంతా పని ఆపి గేటు ముందు కూర్చున్నాకే వాళ్ళు మంచినీళ్ళ ట్యాంకరు పంపారు. ఆ నీళ్ళు తాగాకే మా వదిన కూతురికి వాంతులు తగ్గాయి. ఈ పరీక్షలో కుళాయి నీళ్ళు శుభ్రమని తేలితే ట్యాంకరు ఆగిపోతుంది. పిల్ల మళ్ళీ ఆ విషమే తాగాలి.

పరీక్ష మా బడి వరండాలో పెట్టారు. జనం మెట్ల దాకా నిండిపోయారు. మేనేజరు ఒక కుర్చీలో, ప్రభుత్వ అధికారి పక్క కుర్చీలో కూర్చున్నారు. రెండు కుర్చీలూ ఫ్యాక్టరీవే.

నోట్లో వేలు పెడితే కొరకలేని వాళ్ళకు చెప్పినట్టు కెమిస్టు మాకు పాఠం చెప్పాడు. మిషను కంటికి కనబడని కాంతిని నీళ్ళలోంచి పంపుతుందట. శుభ్రమైన నీళ్ళు దాన్ని పోనిస్తాయి, మురుగు మింగేస్తుంది. ఎంత మింగితే అంత పెద్ద అంకె. ముందు నీళ్ళు పోసిన ఒక గాజు డబ్బీ పెట్టి, ఇదే సున్నా అని మిషనుకు చెప్పాలి. తర్వాత పరీక్షించాల్సిన డబ్బీ పెట్టాలి. పెట్టాడు. సున్నా వచ్చింది. రేపటి నుంచి ట్యాంకరు రాదని మేనేజరు లేచి చెప్పేశాడు.

మిషను అబద్ధమాడదు కదా అని, ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసే మా బాయిలర్ మామయ్య గొణిగాడు. కూరగాయలమ్మే మా వదిన మాత్రం పిల్లను చంకనేసుకుని ముందుకొచ్చింది.

"సారూ, ఆ మొదటి డబ్బీలో నీళ్ళెక్కడివి?"

"ఈ కుళాయివేనమ్మా. ఇక్కడి నీళ్ళని ఇక్కడి నీళ్ళతోనే పోల్చాలి. ఇదంతా సైన్సు, నీకర్థం కాదులే."

"అర్థమైంది. తక్కెడలో రెండు పక్కలా పుచ్చొంకాయలే పోశారు. తేడా లేదు కాబట్టి పుచ్చే లేదంటున్నారు."

నవ్వు వరండా దాటి వీధిలోకి పాకింది. చదువుకునే పిల్లలూ, మీ ల్యాబుల్లో కూడా ఆ మొదటి డబ్బీ మీద ఓ కన్నేసి ఉంచండి.

కెమిస్టు చేతులు కడుక్కున్న సీసాలో ఇంకా నీళ్ళున్నాయి. వాటితో సున్నా పెట్టమన్నాం. అది పద్ధతి కాదని అధికారి నసిగాడు. మిషను సర్దేయమని మేనేజరు అరిచాడు. మేం మెట్ల మీద కూర్చున్నాం. వ్యాను దాకా వెళ్ళడానికి వాళ్ళకు దారి లేకుండా పోయింది. అప్పటిదాకా మమ్మల్ని చూసి నవ్విన కెమిస్టు, సీసా మూత తిప్పాడు.

ఈసారి కుళాయి డబ్బీ పెట్టగానే అంకె అమాంతం లేచింది. ముందు వరసవాళ్ళు చదివారు, వెనకవాళ్ళు అందుకున్నారు, వీధి వీధంతా పలికింది. మిషను చెడిపోయిందని మేనేజరు ప్రకటించాడు. సున్నా చూపించినంతసేపూ అది భేషుగ్గా ఉంది.

కాసేపటికి పోలీసులు దిగారు. ప్రభుత్వ పనికి అడ్డుపడిందని మా వదినను జీపెక్కించారు. ప్రభుత్వ పని అంటే ఏమిటో మాకు ఆ రోజు బాగా తెలిసొచ్చింది. ఆమె పిల్లను నా చేతుల్లో పెట్టింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు లేవు గానీ నా కళ్ళల్లో ఉన్నాయి.

"ఇంకో మిషను తెస్తారు మరిదీ. సున్నా వాళ్ళని పెట్టనివ్వకండి."

మేం ఇళ్ళకు పోలేదు. తిన్నగా ఫ్యాక్టరీ గేటుకు నడిచాం. వదినను వదలాలి, ట్యాంకరు ఆగకూడదు. అంతదాకా పనిలోకి రామని చెప్పాం. కెమిస్టు వదిలేసిపోయిన సీసాను కుళాయి కింద పట్టి, నిండుగా నింపి తెచ్చాడు బాయిలర్ మామయ్య. దాన్ని గేటు ఊచల్లోంచి మేనేజరుకు అందించబోయాడు.

"మమ్మల్ని చూసి నోరెండిపోయినట్టుంది, తాగండి. సున్నాయే కదా."

మేనేజరు రెండడుగులు వెనక్కి వేశాడు. షిఫ్టు సైరను మోగింది. లోపలికి ఒక్కరూ కదల్లేదు.