ఎవరి పలుకు

ఆదెమ్మ పసుపు కొమ్ములు దంచుతుంటే బావ పిచ్చయ్య పీట లాక్కుని పక్కన కూర్చున్నాడంటే, ముత్యాలమ్మ పండగ దగ్గరికొచ్చిందన్నమాట. మిగతా ఏడాదంతా ఆయనకు ఆమెతో మాట గొడ్లకు నీళ్లు పెట్టినవా, పామాయిల్ తోటలో రాలిన పండ్లు ఏరినవా అన్నంతవరకే. భర్త పోయిన నాటి నుంచి ఆ ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే మనిషి ఆమె. పండగనాడు మాత్రం డప్పు మోగగానే ఆమె మీదికి తల్లి వస్తుంది. అప్పుడు అదే పిచ్చయ్య ఆమె కాళ్ల మీద బిందెడు నీళ్లు పోసి చేతులు జోడిస్తాడు. ఆ ఒక్క పూట ఊరంతా ఆమె మాట వింటుంది.

"నాగలత దమ్మపేట హాస్టల్ల వంటకు పోతదట," అన్నాడు పిచ్చయ్య. నాగలత ఆయన కోడలు. ఆమె మొగుడు చనిపోయి ఏడాది దాటింది. "మొగుడు పోయిన పిల్ల పొలిమేర దాటితే ఇంటికి మంచిదా? నేనేమంటలేను. తల్లి మనసుల ఏముందో!"

"నా నోట వచ్చే మాటతోని ఒక పిల్ల బతుకు ఆగిపోతే, ఆ పాపం ఎవరిది బావా?"

"పిచ్చిదానా, పలికేది తల్లి. నీకెక్కడి పాపం?" నవ్వుతూ లేచి పోయాడు.

పోయినేడు కూడా ఇట్లాగే వచ్చి కూర్చున్నాడు. అప్పటి మాట తన బిడ్డ కళావతి గురించి. భద్రాచలంలో నర్సు చదువుకు సీటొచ్చిందని ఆ పిల్ల బట్టలు కూడా సర్దుకుంది. పండగనాడు తల్లి వద్దంది. కళావతి ఇప్పుడు తోటలో పండ్లు ఏరుతుంది, చిన్నమ్మ ఎదురైతే తల తిప్పుకుంటుంది. ఆదెమ్మ ఏనాడూ నటించలేదు. డప్పుకు ఒళ్లు నిజంగానే ఊగేది, ఏం పలికిందీ తర్వాత గుర్తుండేది కాదు. నాకేం తెలుసులే అని సర్దిచెప్పుకునేది.

సాయంత్రం నాగలత పసుపు జల్లించడానికి వచ్చింది.

"చిన్నత్తా, ఒక్కటడుగుత, కోపం చెయ్యకు. మా మామ వద్దన్నది ఎన్నడన్న తల్లి చెయ్యమన్నదా?"

"తల్లితోని పరాచికాలేందే!"

"పరాచికం కాదు. ఎన్నడన్న అన్నదా?"

ఆదెమ్మ ఒక్కో ఏడాదీ గుర్తు చేసుకుంది. బోరు ఎక్కడ వేయాలన్న ఏడాది, గొర్రెల మంద అమ్మిన ఏడాది, కళావతి ఏడాది. తల్లికీ పిచ్చయ్యకూ ఒక్కసారైనా మాట తేడా రాలేదు. బుట్ట బోర్లిస్తే పైన పెట్టిందే ముందు పడుతుంది. తన లోపల పైన ఏం పెట్టాలో ఆయనకు బాగా తెలుసు. కానీ పెట్టించుకుంది తనే. కాళ్లు కడిగించుకునే ఆ ఒక్క పూట బాగుండేది మరి. ఇది ఒప్పుకోవడమే ఆమెకు అన్నిటికన్నా కష్టమైంది. ఇప్పుడు పలకనంటే ఆ పూట కూడా పోతుంది. మిగిలేది గొడ్లు, తోట, అడుగంటిన కూర.

పండగనాడు డప్పులు గుండెల మీద కొట్టినట్టు మోగాయి. సాంబ్రాణి పొగలో ఆమె మడమలు వాటంతటవే లేచాయి. నాగలత గురించిన మాట నాలుక కొసన తయారుగా ఉంది. ఒళ్లు వదిలేస్తే చాలు, మిగతాది దానంతటదే అయిపోతుంది. ఆదెమ్మ పళ్లు బిగించి నేలమీద చతికిలబడింది.

"డప్పులాపుండ్రి."

"తల్లీ, పలుకు," పిచ్చయ్య చేతులు జోడించి వంగాడు.

"తల్లి రాలేదు బావా. నేను, ఆదెమ్మను."

డప్పు కొట్టే బొజ్జయ్య నవ్వాడు. "పూనకం సగంలనే దిగిందా ఏంది వదినా?"

"దిగలే బొజ్జన్నా, ఎక్కనియ్యలే."

పిచ్చయ్య ముఖం నల్లబడింది. "లోపలికి నడువు," అన్నాడు, గొడ్ల దగ్గర అరిచే గొంతుతో.

ఆమె లేచి నిలబడింది, లోపలికి మాత్రం కాదు. "నాగలతా, నువ్వు దమ్మపేట పో. కళావతిని ఆపింది నా నోరే. ఆ మాట మీ మామ పెట్టిందే, కాని పలికింది నేను. రేపు ఇంటికి ఏ కీడొచ్చినా తల్లిని అడగకుండ్రి. నన్నడుగుండ్రి."